మూడో ముక్కోణం దగ్గర ఆగిన వరుస

మూడో ముక్కోణపు గోడ దాటగానే ఇళ్ళ వరుస అర్ధాంతరంగా ఆగిపోయింది. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ నగరంలో, కింగ్ స్ట్రీట్‌లో, పాత రేవుకు కొద్ది అడుగుల దూరంలో, లాండోగర్ ట్రో అనే పాత మద్యశాల ఎదుట ఈ సాయంత్రం నిలబడి ఉన్నాను.

1664లో కట్టినప్పుడు ఇవి ఐదు ఇళ్ళు. ఒక్కొక్క ఇంటికి వీధి వైపు, వాలు కప్పు కింద, ఒక్కొక్క ముక్కోణపు గోడ. రెండో ప్రపంచ యుద్ధపు బాంబుల్లో రెండు పోయాయి, మూడు మిగిలాయి. అయినా మిగిలిన భాగం కుంటుతున్నట్టు అనిపించకపోవడానికి కారణం, నా ఉద్దేశంలో, ప్రతి ఇల్లూ తనంతట తాను పూర్తిగా ఉన్న రూపం కావడమే.

బరువును మోసేది గోడ కాదు, చెక్క చట్రం. అలాంటి కట్టడాల్లో ఒక దూలం కొసను సన్నగా చెక్కి, మరొక దానికి తొలిచిన రంధ్రంలో దూర్చి, చెక్క మేకుతో బిగిస్తారు. నడుమ ఖాళీలను పూడ్చే గోడ కేవలం తెర వంటిది. అందుకే ముందు వైపు అంత విశాలమైన కిటికీలు పెట్టి, వాటిని వీధి మీదికి పొడుచుకొచ్చేలా నిలపడం సాధ్యమైంది. ఇరుకు వీధిలో వెలుతురును పట్టుకోవడానికి ఇంతకంటే తెలివైన ఉపాయం నాకు తోచదు.

సెవర్న్ నదిలో సరుకు మోసిన అడుగు చదునైన పడవలను ట్రో అంటారు. వేల్స్‌లోని లాండోగో గ్రామం వాటి తయారీకి పేరుపొందింది. మద్యశాలకు ఆ ఊరి పడవ పేరే పెట్టారు. 1959లో దీనిని రక్షిత కట్టడాల జాబితాలో చేర్చారు. పక్కనే, కూలిన రెండు ఇళ్ళ చోట, ఆ పాత కొలతలతో ఏ పొత్తూ లేని కట్టడం నిలబడి ఉండటం మాత్రం నాకు నచ్చలేదు.