కొత్త దీవి

ఇటలీలో మిలాన్ నుంచి వరెన్నా అనే ఊరికి వెళ్ళే రైల్లో ఎడమ వైపు కూర్చోమని అందరూ చెప్తారు, కోమో సరస్సు అటే కనిపిస్తుంది కాబట్టి. నాకు కుడి వైపే దొరికింది. గంటసేపు కొండలూ, సొరంగాల గోడలూ చూస్తూ వెళ్ళాను. దిగాక ఒడ్డున కాఫీ తాగుదామంటే, నిలబడి తాగితే ఒక రేటు, కుర్చీలో కూర్చుంటే ఇంకో రేటు! ఉన్నది రెండు గుక్కలు, అదీ చేదు. ఆ డబ్బుతో మా కర్నూల్లో ఇంటిల్లిపాదీ టిఫిన్ చేయొచ్చు.

ఆ చిరాకుతోనే విల్లా మొనాస్తెరో అనే పాత మేడకి నడిచాను. ఇక్కడా అదే వరస: తోటకి ఒక టికెట్, గదులు కూడా చూస్తే ఇంకా ఎక్కువ. తోట మాత్రం నీళ్ళ అంచునే దాదాపు రెండు కిలోమీటర్లు. 12వ శతాబ్దం చివర ఇది సన్యాసినుల మఠం. 1567లో మూసేశారు. తర్వాత మోర్నికో కుటుంబం కొని మేడగా మార్చుకుంది. 1953 నుంచి ఇక్కడ వేసవిలో భౌతికశాస్త్ర పాఠాలు జరుగుతున్నాయి. 1954లో అణు శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీ వచ్చి చెప్పారు, ఆ నవంబరులోనే షికాగోలో కన్నుమూశారు. డిగ్రీలో ఫిజిక్స్ రెండుసార్లు తప్పిన నేను ఆ హాల్లో కాస్త ఒద్దికగానే నిలబడ్డాను.

ఇవన్నీ బాగానే ఉన్నాయి గానీ, నన్ను పట్టుకున్నది ఆ సన్యాసినుల సంగతి. వాళ్ళు ఈ ఊరివాళ్ళు కారు. సరస్సుకి అవతల కొమాచినా అనే చిన్న దీవి ఉంది. మిలాన్‌కీ కోమోకీ జరిగిన యుద్ధంలో దీవివాళ్ళు మిలాన్ పక్షం. 1169లో కోమోవాళ్ళు పగ తీర్చుకుని దీవిని తగలబెట్టారు. బతికినవాళ్ళలో చాలామంది సరస్సు దాటి వరెన్నా చేరారు, ఈ సన్యాసినులూ అక్కడినుంచి వచ్చినవాళ్ళే. అప్పుడు ఈ ఊరికి ఇన్సులా నోవా అనే పేరు కూడా వచ్చింది. అంటే కొత్త దీవి.

కొత్త! ఆ మాట నాకు తెలుసు. శ్రీశైలం జలాశయం కింద మునిగిన ఊళ్ళలో మా నాన్నవాళ్ళది ఒకటి. గట్టు మీద ఇచ్చిన స్థలాల్లో ఇళ్ళు వేసుకుని, పాత ఊరి పేరు ముందు కొత్త అని చేర్చుకున్నారు. నలభై ఏళ్ళు దాటినా అది కొత్త ఊరే.

చర్చి మెట్ల మీద కూర్చుని నాన్నకి ఫోన్ చేశాను. ఇక్కడ మధ్యాహ్నం, అక్కడ దీపాల వేళ. కథంతా విన్నాడు.

"కాలిపోయినాక ఆ దీవి ఏమైందిరా?"

"అక్కడే ఉంది నాన్నా. పడవలో పోయి చూడొచ్చు. పాత చర్చిల పునాదులు ఉన్నాయంట."

"నీళ్ళ పైనేనా?"

"ఆఁ, పైనే."

కాసేపు మాట్లాడలేదు. "అయితే వాళ్ళు ఎప్పుడు కావాలంటే అప్పుడు పోయి చూసుకోవచ్చు గదా. మనకైతే ఎండాకాలం రావల్ల."