కాటలూచీ లోయలో ఎల్క్‌లు

అమెరికాలో టెన్నెసీ, నార్త్ కరోలినా సరిహద్దున ఉన్న స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కు అనగానే మనవాళ్ళలో ఎక్కువమంది గ్యాట్లిన్‌బర్గ్ వైపు కేబిన్ తీసుకుని, కువోహీ శిఖరం (మొన్నటిదాకా క్లింగ్‌మన్స్ డోమ్ అనేవాళ్ళు) ఎక్కి, ఫోటోలు దిగి తిరిగొచ్చేస్తారు. అది బాగానే ఉంటుంది కానీ, అదే పార్కుకు తూర్పు అంచున, నార్త్ కరోలినా వైపు కాటలూచీ అనే లోయ ఒకటుంది. చుట్టూ ఆరు వేల అడుగుల కొండలు, మధ్యలో పచ్చిక మైదానాలు, ఒక ఏరు, కొన్ని పాత ఇళ్ళు. షార్లెట్, ర్యాలీ, అట్లాంటాలలో ఉండే తెలుగువాళ్ళు పిల్లల్ని తీసుకుని ఒక్కసారైనా అక్కడికి వెళ్ళాలని నా కోరిక. ఎందుకంటే అక్కడ కనిపించే, చాలా పెద్ద జింక జాతి జంతువులైన ఎల్క్‌లు ఆ కొండల్లో దాదాపు రెండు వందల ఏళ్ళపాటు లేవు. మనుషులు వేటాడి, అడవులు నరికి వాటిని లేకుండా చేశారు. నార్త్ కరోలినాలో ఆఖరి ఎల్క్ 1700ల చివర్లో, పక్కనున్న టెన్నెసీలో 1800ల మధ్యలో పోయిందని చెబుతారు. ఈ తూర్పు ప్రాంతపు జాతి అయితే పూర్తిగా అంతరించిపోయింది. ఇప్పుడున్నవి వాటి దాయాదులు. 2001లో కెంటకీ-టెన్నెసీ సరిహద్దులోని లాండ్ బిట్వీన్ ద లేక్స్ నుంచి 25, 2002లో కెనడాలోని ఎల్క్ ఐలాండ్ పార్కు నుంచి 27 తెచ్చి ఈ లోయలో వదిలారు. మూడో విడత కూడా తేవాలనుకున్నారు గానీ, జింక జాతిలో వచ్చే క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ భయంతో నార్త్ కరోలినా ప్రభుత్వం బయటి నుంచి తేవడం ఆపించింది. కాబట్టి మొత్తం కథ ఆ 52తోనే మొదలైంది.

మేం వెళ్ళింది 2023 అక్టోబరు మొదట్లో. అమ్మానాన్న కర్నూలు నుంచి వచ్చి ఉన్నారు. మగ ఎల్క్‌లు కూతలు పెట్టేది ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే, జతకట్టే కాలం అదే కాబట్టి. షార్లెట్ నుంచి మూడు గంటల పైనే పడుతుంది, ఐ-40 మీద ఇరవయ్యో ఎగ్జిట్. హైవే దిగాక కోవ్ క్రీక్ రోడ్డు కొండెక్కుతూ సన్నబడుతుంది, కాసేపటికి తారు పోయి కంకర మిగులుతుంది. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ, అడ్డంగా రెయిలింగ్ కూడా ఉండదు, ఎదురుగా బండి వస్తే ఎవరో ఒకరు వెనక్కి తీసుకోవాల్సిందే. అమ్మ ఆ మలుపులన్నీ అయ్యేవరకు ఆంజనేయ దండకం చదువుతూనే ఉంది. పెద్ద ఆర్‌వీలు, ట్రెయిలర్లు తీసుకెళ్ళే ఆలోచన ఉంటే మానుకోండి. పార్కుకు ప్రవేశ రుసుము లేదు గానీ, పావుగంట కంటే ఎక్కువ సేపు బండి ఆపాలంటే పార్కింగ్ ట్యాగ్ కొనాలి, మేం వెళ్ళినప్పుడు రోజుకు 5 డాలర్లు.

మేం మధ్యాహ్నం మూడు దాటాక చేరాం. ఎల్క్‌లు ఎండలో అడవిలోనే ఉండిపోతాయి, పొద్దువాలాక, లేదా తెల్లవారుజామున మైదానంలోకి దిగుతాయి. అందుకని ముందు ఆ పాత ఇళ్ళు చూశాం. 1898లో కట్టిన పామర్ చాపెల్ అనే చిన్న చర్చి, ఒక బడి, కాల్డ్‌వెల్ వాళ్ళ ఇల్లు, గడ్డివాములు దాచిన కొట్టాలు. 1910 ప్రాంతంలో ఈ లోయలో 1,200 మందికి పైగా ఉండేవాళ్ళు. పశువులు మేపుకునేవాళ్ళు, ఆపిల్ తోటలు వేసుకునేవాళ్ళు. 1930లలో పార్కు వచ్చినప్పుడు రాష్ట్రం ఆ భూములు కొనేసింది, అమ్మనన్నవాళ్ళవి కూడా చట్టప్రకారం తీసుకుంది. కొంతమంది కౌలు పద్ధతిలో ఇంకొన్నాళ్ళు ఉన్నారు, తర్వాత వాళ్ళూ పోయారు.

నాన్న ఈ ఇళ్ళ దగ్గర చాలాసేపు ఆగిపోయాడు. ఆయన పుట్టిన ఊరు కృష్ణ ఒడ్డున ఉండేది, 1981లో శ్రీశైలం ముంపులో పోయింది. కాల్డ్‌వెల్ ఇంట్లో గోడలకు అంటించిన పాత కాగితాలు చూస్తూ, "ఈళ్ళు పొమ్మంటే పోయినారా, కొట్లాడినారా?" అని అడిగాడు. నాకు తెలిసింది చెప్పాను. వాళ్ళ మనవలు, మునిమనవలు ఇప్పటికీ ఏటా ఆగస్టులో ఆ చాపెల్ దగ్గర కలుసుకుని, ప్రార్థన చేసి, కలిసి భోంచేస్తారని చెప్పినప్పుడు మాత్రం ఆయన ముఖం మారింది. "ఈళ్ళకు గోడలన్నా మిగిలినాయి లేరా. మాకు ఎండాకాలం నీళ్ళు తగ్గితే రాళ్ళు కనపడతాయి, అంతే" అన్నాడు. ఎల్క్‌ల గురించి రాస్తూ ఇదెందుకు అనిపించవచ్చు. కానీ ఆ మైదానాలు మైదానాలుగా ఉన్నది ఆ మనుషులు చెట్లు కొట్టి సాగు చేసుకున్నందుకే, ఎల్క్‌లకు మేత దొరికేది ఆ గడ్డిలోనే. ఆ సంగతి వదిలేసి జంతువుల్ని మాత్రమే పొగిడితే సగం చెప్పినట్టు.

అయిదున్నర ప్రాంతంలో మొదట కూత వినిపించింది, ఎల్క్ ఇంకా కనపడలేదు. సన్నాయికి కొత్త పీక పెట్టి ఊది చూసినప్పుడు వచ్చే సన్నటి కీచులాంటిది, కింద నుంచి మొదలై పైపైకి పోయి, చివర్లో గొంతులోంచి గుర్రుగుర్రుమని నాలుగు దగ్గులతో ఆగింది. అంత పెద్ద జంతువు గొంతులోంచి అంత సన్నటి శబ్దం వస్తుందని మా అబ్బాయి ఎంతకీ నమ్మలేదు. కొండ అవతలి నుంచి ఇంకో మగది బదులిచ్చింది. తర్వాత చెట్ల అంచున ఆడవి ఒక్కొక్కటిగా బయటికొచ్చాయి, పక్కనే ఆ ఏడు పుట్టిన పిల్లలు, వాటి వెనక మగది. మెడ చుట్టూ ముదురు జూలు, ఒళ్ళు లేత గోధుమ రంగు. మగవి సగటున 600-700 పౌండ్లుంటాయి, అంటే మూడు క్వింటాళ్ళు అనుకోండి, కొమ్ములు ఈ కొస నుంచి ఆ కొసకు అయిదడుగుల వరకు పెరుగుతాయి, అదీ ఏటా రాలిపోయి మళ్ళీ కొత్తగా. అది మేత మానేసి తన మంద చుట్టూ తిరుగుతూనే ఉంది, పక్కకు జరిగిన ప్రతి ఆడదాన్నీ తల వంచి లోపలికి తోలుతూ. రెండోది మైదానం చివరిదాకా వచ్చింది. రెండూ కాసేపు పక్కపక్కనే సమాంతరంగా నడిచాయి, ఒకదాన్నొకటి కొలుచుకుంటున్నట్టు, ఆ తర్వాత చిన్నది తిరిగి అడవిలోకి వెళ్ళిపోయింది. పోట్లాట జరగలేదు. నాన్న మాత్రం అంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు, బైనాక్యులర్స్ ఎవరికీ ఇవ్వలేదు.

కొన్నిటి చెవులకు ట్యాగులున్నాయి. రోడ్డు పక్కన నారింజ రంగు చొక్కాతో నిలబడ్డ ఒక వాలంటీర్ పెద్దాయనను దాని గురించి అడిగితే ఆయన ఓపిగ్గా చాలాసేపు చెప్పాడు, నాకు ఈ ట్రిప్‌లో అన్నిటికన్నా విలువైనది అదే. జంతువుల్ని ట్రక్కులో తెచ్చి గేటు తీసిన రోజు పేపర్లో ఫోటో వస్తుంది. అసలు పని ఆ తర్వాతే. మొదట్లో వచ్చిన వాటన్నిటికీ రేడియో కాలర్లు కట్టి, ఏది ఎటు పోతోంది, ఏది చచ్చిపోయింది, ఎందుకు చచ్చిపోయింది అని ఏళ్ళ తరబడి వెంబడించారు. తెల్లతోక జింకల నుంచి నత్తల ద్వారా వచ్చే ఒక పురుగు మెదడుకు, వెన్నుపాముకు చేరి కొన్నిటిని చంపింది. అంతకంటే పెద్ద సమస్య నల్ల ఎలుగుబంట్లు. పుట్టిన పిల్లల్ని పుట్టినట్టే తినేసేవి, మంద పెరిగే దారే కనపడలేదు. అప్పుడు 2006 నుంచి 2008 వరకు ఈనే కాలానికి ముందు ఆ లోయలో ఎలుగుల్ని బోనుల్లో పట్టి పార్కులోనే దూరంగా వదిలారు. వాటిని చంపలేదు, అవీ ఆ అడవివే కదా. ఆ కొద్ది వారాల వెసులుబాటుతో పిల్లలు నిలబడ్డాయి. ఇప్పుడు ఆ ప్రాంతంలో రెండు వందలకు పైగా ఉన్నాయి, చెరోకీ ఊరు పక్కన ఓకనలుఫ్టీ దాకా వాటంతట అవే కొండలు దాటి వెళ్ళాయి.

ఇదే పార్కులో 1991లో ఎర్ర తోడేళ్ళను కూడా వదిలారు. పిల్లలు బతకలేదు, పెద్దవి తిండి కోసం పార్కు దాటి పోయాయి, 1998లో ఆపేసి మిగిలినవాటిని పట్టి తీసుకెళ్ళిపోయారు. నీటికుక్కలు మాత్రం 1980లలో తెచ్చినవి బాగా నిలదొక్కుకున్నాయి. ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే, మన దగ్గర ఎక్కడైనా ఒక జంతువును తెచ్చి వదిలారని వార్త చదివినప్పుడు నేను ఇకమీదట అడిగే ప్రశ్న ఒక్కటే: దాని వెనక పదేళ్ళపాటు నడిచే మనుషులకు జీతం ఎవరిస్తున్నారు?

వెళ్ళాలనుకునేవాళ్ళకు కొన్ని మాటలు. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను ఈ కొండల్ని అతలాకుతలం చేసింది, కాటలూచీ రోడ్లు బాగా దెబ్బతిన్నాయి, కాబట్టి బయల్దేరే ముందు పార్కు వెబ్‌సైట్లో రోడ్ల పరిస్థితి చూసుకోండి. లోయ మూసి ఉంటే ఓకనలుఫ్టీ విజిటర్ సెంటర్ పక్క పొలాల్లో సాయంత్రం పూట చూడొచ్చు, పెద్దవాళ్ళతో వెళ్ళడానికి అదే సులువు కూడా. యాభై గజాల లోపలికి వెళ్ళడం నేరం, జింకే కదా అని సెల్ఫీ కోసం దగ్గరికి పోవద్దు, అక్టోబరులో మగది బండి మీదికైనా వస్తుంది. జూన్‌లో వెళితే గడ్డిలో ఒంటరిగా పడుకున్న పిల్ల కనపడవచ్చు. తల్లి వదిలేసిందని జాలిపడి ముట్టుకోకండి. అది దగ్గర్లోనే మేస్తూ ఉంటుంది, పిల్లను అలా దాచిపెట్టి వెళ్ళడం దాని పద్ధతి, మీరు దగ్గరికి వెళితే మీదపడుతుంది.