ఒక డిఫెన్స్ కుర్రాడి కోసం పదకొండు మ్యాచ్‌లు

2024 అక్టోబరులో ఐస్ హాకీ స్కౌట్‌గా, అంటే జట్టు కోసం కుర్రాళ్ళ ఆట చూసి అంచనా వేసేవాడిగా, నేను రాసిన మొదటి రిపోర్టు మూడు పేజీలు వచ్చింది. కుర్రాడి ఎత్తు, బరువు, గోల్స్, అసిస్ట్‌లు, ఎదుటివాళ్ళను మంచు మైదానం చుట్టూ ఉండే గోడకేసి గుద్దిన సందర్భాలు, అన్నీ రాశాను. మా సీనియర్ స్కౌట్ దాన్ని ఓపిగ్గా చివరిదాకా చదివి ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "మూలకు పోయిన పక్ కోసం వెళ్ళేటప్పుడు వాడు భుజం మీదుగా వెనక్కి ఎన్నిసార్లు చూశాడు?"

నా దగ్గర జవాబు లేదు. పక్, అంటే బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ళ, ఎటు పోతే అటు మ్యాచ్ అంతా కన్నార్పకుండా చూశాను, ఆ కుర్రాడి చూపులు మాత్రం చూడలేదు.

నేను కెనడాలోని వాటర్‌లూలో డేటా ఉద్యోగం చేస్తాను. ఆనుకునే ఉన్న కిచెనర్‌లో మెమోరియల్ ఆడిటోరియం ఉంది, ఊళ్ళో వాళ్ళు 'ఆడ్' అంటారు. కిచెనర్ రేంజర్స్ అనే జూనియర్ జట్టు ఆడేది అక్కడే. కెనడా వచ్చిన మొదటి చలికాలం ఆఫీసులో ఒకతను తీసుకెళితే వెళ్ళాను, ఆ తర్వాత మానలేదు. ఆంటారియో హాకీ లీగ్‌లో ఇరవై జట్లు ఉంటాయి, ఒక్కో జట్టు సీజన్‌లో 68 మ్యాచ్‌లు ఆడుతుంది. ఆడేవాళ్ళంతా పదహారు నుంచి ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు. ఉత్తర అమెరికాలోని అగ్రశ్రేణి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్ఎల్‌లోని 32 జట్లు వేసవిలో జరిగే డ్రాఫ్ట్‌లో ఏడు రౌండ్లలో కొత్త ఆటగాళ్ళను ఎంచుకుంటాయి. వాళ్ళలో ఏటా చాలామంది ఈ లీగ్ నుంచే వస్తారు.

రెండు సీజన్లు నా ఇష్టం కొద్దీ నోటు పుస్తకంలో లెక్కలు రాసుకున్నాను. అవి చూసి ఒక ప్రొఫెషనల్ జట్టు స్కౌటింగ్ విభాగం వాళ్ళు పార్ట్‌టైమ్ పని ఇచ్చారు. మా చుట్టుపక్కల ఆడే డిఫెన్స్ కుర్రాళ్ళలో ఆ ఏడాది డ్రాఫ్ట్‌కు వచ్చేవాళ్ళను చూడాలి, వీడియో పెట్టుకుని లెక్క కట్టాలి, రిపోర్టు రాయాలి. జట్టు పేరు, కుర్రాళ్ళ పేర్లు ఇక్కడ రాయను. వాళ్ళింకా చదువుకునే పిల్లలు.

ఫార్వర్డ్‌గా ఆడే కుర్రాడి ప్రతిభ గోల్స్ రూపంలో తొందరగా బయటపడుతుంది. డిఫెన్స్ ఆటగాడి సంగతి అలా కాదు. ఏడుసార్లు నారిస్ ట్రోఫీ, అంటే ఎన్‌హెచ్ఎల్ ఉత్తమ డిఫెన్స్ ఆటగాడి బహుమతి, అందుకున్న నిక్లాస్ లిడ్‌స్ట్రామ్‌ను 1989లో మూడో రౌండ్‌లో 53వ ఆటగాడిగా తీసుకున్నారు. నారిస్ గెలిచిన మరో ఇద్దరు, వేర్వేరు ఏళ్ళల్లో, డంకన్ కీత్ 54, జెడెనో చారా 56వ స్థానంలో వచ్చారు. ఆడమ్ ఫాక్స్‌ను 2016లో కాల్గరీ జట్టు 66వ స్థానంలో ఎంచుకుంది, అయిదేళ్ళ తర్వాత అతను న్యూయార్క్ రేంజర్స్‌కు ఆడుతూ నారిస్ గెలిచాడు. మార్క్ జియోర్డానో అయితే మా ప్రాంతంలో ఉన్న ఓవెన్ సౌండ్‌లోనే జూనియర్ హాకీ ఆడాడు, డ్రాఫ్ట్‌లో అతన్ని ఎవరూ తీసుకోలేదు. 2019లో, 35 ఏళ్ళ వయసులో అతనూ నారిస్ గెలిచాడు. ఈ పేర్లు కాగితం మీద రాసి నా బల్ల ముందు అతికించుకున్నాను. వీళ్ళను దాటుకుని ముందుకు పోయినవాళ్ళు కూడా నాకన్నా ఎంతో ఆట చూసినవాళ్ళే.

ఆ సీనియర్ స్కౌట్, మా పెద్దాయన, నాకు పెట్టిన మొదటి నియమం, మూడు వారాలు పక్ వెంట చూపు పోనివ్వకూడదని. ఆయన కుర్రతనంలో డిఫెన్స్ ఆడినవారు, తర్వాత చాలా ఏళ్ళు కోచ్‌గా చేశారు. మధ్య గీత దగ్గరి మంచి సీట్లు వదిలేసి, గోల్ వెనక మూలన, పై వరసలో కూర్చోమన్నారు. అక్కడినుంచి 200 అడుగుల రింకు పొడవునా కనిపిస్తుంది. ఒక మ్యాచ్‌కు ఒక్క కుర్రాడే. వాడు బెంచీ మీద ఉన్నా చూపు వాడి మీదే ఉండాలి. తప్పు చేసి వచ్చాక తల దించుకుంటున్నాడా, పక్కవాడితో మాట్లాడుతున్నాడా? ఒక గోల్ ఆధిక్యంతో ఆఖరి నిమిషం ఆడుతుంటే కోచ్ వాణ్ణి దింపుతున్నాడా? టీవీ కెమెరా పక్ వెంటే పోతుంది గనక ఇవి అందులో దొరకవు.

మ్యాచ్‌కు ముందు జరిగే వార్మప్ కూడా వదలొద్దన్నారు. ముందుకు స్కేటింగ్ చేస్తూ వెనక్కి తిరిగే చోట ఎడమవైపు సాఫీగా తిరిగే కుర్రాడు కుడివైపు వచ్చేసరికి ఒక క్షణం ఆగుతాడు. తెలివైన ఫార్వర్డ్ అది పసిగడితే రాత్రంతా ఆ వైపు నుంచే వస్తాడు.

నాకు తొందరగా అర్థమైంది దూరం సంగతి. మాది తెనాలి దగ్గర కొల్లిపర. హైస్కూల్లో కబడ్డీ ఆడేటప్పుడు నేను కార్నర్. కూతకొచ్చినవాడికి మరీ దగ్గరగా ఉంటే తాకి పారిపోతాడు. మరీ దూరం జరిగితే బోనస్ గీత దాకా తీరిగ్గా వచ్చేస్తాడు. వాడి అడుగును బట్టి మన అడుగు, అంతే. "చేతులు చూడకురా, నడుం చూడు" అనేవారు మా డ్రిల్లు మాస్టారు. ఇక్కడి కోచ్‌లు పక్‌ను చూడొద్దు, ఎదుటివాడి ఛాతీ చూడమంటారు. ఎదుటివాడు దూసుకొస్తుంటే డిఫెన్స్ కుర్రాడు వెనక్కి స్కేటింగ్ చేస్తూ ఆ దూరాన్ని కొంచెం కొంచెంగా తగ్గించాలి. బ్లూ లైన్, అంటే తమ గోల్ వైపు భాగం మొదలయ్యే నీలి గీత, దగ్గరికొచ్చేసరికి మధ్యలో ఒక స్టిక్ పొడవు మిగిలితే బాగా ఆడినట్టు. మొదటిసారి ఒక పదిహేడేళ్ళవాడు అలా ఎదుటివాణ్ణి గోడవైపుకు ఒత్తుకుంటూ పోవడం పై వరస నుంచి చూసినప్పుడు నాకు మా స్కూలు గ్రౌండు కళ్ళ ముందుకొచ్చింది.

ఈ దూరానికి లెక్క కూడా ఉంది. కెమిస్ట్రీలో డాక్టరేట్ చేసి, 2024లో కరోలైనా హరికేన్స్ అనే ఎన్‌హెచ్ఎల్ జట్టుకు జనరల్ మేనేజర్ అయిన ఎరిక్ టల్స్కీ తన సహచరులతో కలిసి 2013లో ఒక పరిశోధనా పత్రం వెలువరించారు. పక్‌ను అదుపులో పెట్టుకుని బ్లూ లైన్ దాటి వచ్చిన జట్టుకు, దాన్ని లోపలికి విసిరేసి వెంటపడిన జట్టుకంటే రెండింతలకు పైగా షాట్లు దొరుకుతాయని అందులో తేలింది. అంటే, గీత దగ్గర నిలబడి ఎదుటివాడు పక్ విసిరేసేలా చేసిన డిఫెన్స్ కుర్రాడు గోల్ మీదికి రావాల్సిన షాట్లను అక్కడే ఆపేసినట్టు. స్కోరు కాగితంలో వాడి పేరు ఎక్కడా పడదు.

అందుకని షీటు మొత్తం కొత్తగా గీశాను. ఒక భాగంలో, వాడి మీదికి వచ్చిన ప్రతి దాడి ఎలా ముగిసింది: ఆపాడా, విసిరేయించాడా, లోపలికి రానిచ్చాడా? రెండో భాగం మూలకు పోయిన పక్ తెచ్చే పని. వెనక ఒకరు తరుముతున్నారా, ఇద్దరా? పక్ అందుకునేలోపు భుజం మీదుగా ఎన్ని చూపులు? అందుకున్నాక తనవాడికి సరిగ్గా పాస్ ఇచ్చాడా, తానే మోసుకొచ్చాడా, గోడకేసి కొట్టి వదిలించుకున్నాడా, పోగొట్టుకున్నాడా? ఆ చూపుల గడి నింపడానికే ఒక్కో మ్యాచ్ వీడియో ముందు అర్ధరాత్రి దాకా కూర్చునేవాణ్ణి. వెనక ఎవరున్నారో ముందే తెలిసిన కుర్రాడికి పక్ అందేసరికి జవాబు సిద్ధంగా ఉంటుంది. తెలియనివాడు పక్ అందుకున్నాక ఆలోచించడం మొదలుపెడతాడు. అప్పటికే వీపు మీద తొంభై కిలోల మనిషి ఉంటాడు.

కొత్త షీటుతో నా జాబితా తలకిందులైంది. నేను మొదట పెట్టిన కుర్రాడు ఆరడుగుల నాలుగంగుళాలవాడు. గుద్దితే అరీనా అంతా లేచి నిలబడేది. కానీ ఆ గుద్దు కోసం వాడు స్థానం వదిలి పోతున్నాడు, వదిలిన చోటినుంచి దాడి వస్తోంది. గీత దగ్గర ఎదుటివాడికి మూడు స్టిక్కుల దూరం ఇచ్చేసి తన గోల్‌కీపర్ ముందుకొచ్చి పడుతున్నాడు. 2005-06 సీజన్ నుంచి స్టిక్‌తో లాగడం, పట్టుకోవడం మీద రిఫరీలు గట్టిగా పెనాల్టీలు వేయడం మొదలుపెట్టారు. కాళ్ళు అందకపోతే చేతులతో పట్టి ఆపే రోజులు పోయాయి. రెండో కుర్రాడికి పాయింట్లు, అంటే గోల్స్, అసిస్ట్‌లు కలిపి, బాగా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఎదుటి జట్టుకు ఒక మనిషి తక్కువైన పవర్ ప్లేలో వచ్చినవే. మిగతా సమయంలో పక్కన ఇరవై ఏళ్ళ భాగస్వామి కష్టమంతా మోస్తున్నాడు. ఆ భాగస్వామి గాయంతో కూర్చున్న వారం చూశాను, నాకు సరిపోయింది.

వయసు లెక్క కూడా ఆ నెలల్లోనే నేర్చుకున్నాను. సెప్టెంబరు 15 నాటికి పద్దెనిమిది నిండితే ఆ ఏడాది డ్రాఫ్ట్‌కు అర్హత. ఇదే లీగ్‌లో ఎరీ ఆటర్స్ జట్టుకు ఆడిన మాథ్యూ షేఫర్ 2007 సెప్టెంబరు 5న పుట్టాడు. ఇంకో పదకొండు రోజులు ఆలస్యంగా పుట్టి ఉంటే మరుసటి ఏడాది గుంపులో ఉండేవాడు. జబ్బుతో కొన్ని వారాలు, ఒట్టావాలో జరిగిన ప్రపంచ జూనియర్ టోర్నమెంట్‌లో కాలర్ ఎముక విరగడంతో మిగతా సీజన్ పోయి, ఆ సీజన్‌లో లీగ్‌లో 17 మ్యాచ్‌లే ఆడాడు. అయినా చాలా జాబితాల్లో అతని పేరు పైనే ఉంది. ఆ పదిహేడు మ్యాచ్‌ల వీడియోలో నాకు కనిపించిన కాళ్ళ వేగం, గీత దగ్గర ధైర్యం ఇంకే కుర్రాడిలోనూ కనిపించలేదు. అలాంటివాణ్ణి గుర్తించడానికి స్కౌట్ అక్కర్లేదు. నాలుగో రౌండూ అయిదో రౌండూ వచ్చేసరికి తెలుస్తుంది ఈ పని కష్టం.

నేను పదకొండు మ్యాచ్‌ల్లో చూసిన కుర్రాడు ఆ కింది రౌండ్లవాడే. ఆరడుగులకు అటూ ఇటూ ఎత్తు, కుడిచేతి వాటం, పాయింట్లు పెద్దగా లేవు. మొదటి మూడు మ్యాచ్‌ల్లో గీత దగ్గర వాడి పని నాకు ఎంతో నచ్చింది. నాలుగోసారి జనవరిలో ఒక ఆదివారం ఓవెన్ సౌండ్ వెళ్ళాను. ఆరో నంబరు హైవే మీద హ్యూరాన్ సరస్సు వైపు నుంచి వీచే మంచుకు ముందున్న కారు దీపాలు కూడా ఆనలేదు. అంత దూరం వెళ్తే కుర్రాడు ఘోరంగా ఆడాడు. పక్ రెండుసార్లు నేరుగా ఎదుటివాడి స్టిక్ మీద పెట్టాడు, వెనక్కి తిరిగి చూడటమే మరిచిపోయాడు. 'ఒత్తిడికి ఆగలేడు' అని రాసి పేరు కొట్టేశాను.

పెద్దాయన ఫోన్ చేశారు. "వాళ్ళు శుక్రవారం ఎక్కడ ఆడారు?"

చూడలేదన్నాను. షెడ్యూల్ తీశాను. శుక్రవారం ఒక ఊళ్ళో, శనివారం రాత్రి ఇంకో ఊళ్ళో, తెల్లవారి బస్సెక్కి ఓవెన్ సౌండ్. మూడు రోజుల్లో మూడో మ్యాచ్ అది. ఈ లీగ్‌లో వారాంతాలు ఇలా కూడా ఉంటాయి. శుక్రవారం మ్యాచ్ వీడియో పెట్టి చూస్తే అవే సందర్భాల్లో తల తిప్పి చూసి, తేలిగ్గా పాస్ ఇచ్చి బయటపడ్డాడు. వాడి పేరు మళ్ళీ రాసి, షీటులో రెండు గడులు పెంచాను: ఎన్ని రోజుల విశ్రాంతి తర్వాత, ఎంత బస్సు ప్రయాణం తర్వాత. ఒక పిల్లవాడి భవిష్యత్తును ఒక్క ఆదివారం చూసి కొట్టేసిన ఆ గీత నా పుస్తకంలో ఇప్పటికీ ఉంది, చెరపలేదు.

వాడికి కుడివైపు తిరిగేటప్పుడు కాలు తడబడేది. దానికి మార్కులు తగ్గించాను. ఇక్కడ ఊరు వదిలి వచ్చిన ఆటగాళ్ళు స్థానిక కుటుంబాల ఇళ్ళల్లో ఉంటారు, బిల్లెట్ అంటారు. ఫిబ్రవరిలో జట్టు అనుమతితో వాడున్న ఇంటావిడతో మాట్లాడాను. భోజనం, చదువు, నిద్ర గురించి అడుగుతుంటే ఆవిడ మధ్యలో, "ఆగస్టులో కొన్న ప్యాంట్లన్నీ ఇప్పుడు చీలమండల పైకి వచ్చాయి" అంది. అంతవరకు నేను సీజన్ మొదట్లో జట్టు ఇచ్చిన ఎత్తే రాసుకుంటూ వస్తున్నాను. కొన్ని నెలల్లో అంత పొడుగైతే కాళ్ళు కొత్తవైనట్టే, మళ్ళీ అలవాటు కావాలి. డిసెంబరు, మార్చి వీడియోలు పక్కపక్కన పెట్టుకున్నాను. మార్చిలో ఆ తడబాటు చాలావరకు తగ్గింది. ఆ ఒక్క మాట నా రిపోర్టులో అన్ని గడులకన్నా ఎక్కువ పనికొచ్చింది.

వసంతంలో జాబితా ఖరారు చేసే సమావేశానికి నన్ను వీడియోలో పిలిచారు. నాలుగో రౌండుకు అడిగాను. ఇద్దరు ఆరో రౌండన్నారు, ఒకాయన అసలు వద్దన్నారు. షీట్లు చూపించాను, మూడు మ్యాచ్‌ల వారాంతం గురించి చెప్పాను, ప్యాంట్ల సంగతీ చెప్పాను. పెద్దాయన నా తరఫున మాట్లాడారు. చివరికి అయిదో రౌండు దగ్గర పెట్టారు. అది తక్కువని ఆ రోజూ అన్నాను, ఈ రోజూ అంటాను.

2025 డ్రాఫ్ట్ జూన్ 27, 28 తేదీల్లో లాస్ ఏంజెలెస్‌లోని పీకాక్ థియేటర్‌లో జరిగింది. ఆ ఏడాది జట్లు తమ తమ ఊళ్ళ నుంచే ఎంపిక చేశాయి. మొదటి రాత్రి న్యూయార్క్ ఐలాండర్స్ అందరికన్నా ముందు షేఫర్‌ను తీసుకుంది. రెండో రోజు మధ్యాహ్నమంతా టీవీ ముందే ఉన్నాను. అయిదో రౌండులో మా వంతు వచ్చేసరికి జాబితాలో వాడికన్నా పైనున్న ఫార్వర్డ్ ఒకడు మిగిలి ఉన్నాడు, వాణ్ణి తీసుకున్నారు. ఆరు, ఏడు కూడా అయిపోయాయి. నా కుర్రాడి పేరు మా వాళ్ళూ చదవలేదు, ఇంకెవరూ చదవలేదు. మా ఆవిడ కాఫీ తెచ్చి పక్కన కూర్చుంది, ఏమీ అడగలేదు. ఆ ఇంటావిడకు ఫోన్ చేయాలనిపించింది కానీ చేయకూడదు, చేయలేదు.

సాయంత్రం పెద్దాయన నుంచి మెసేజ్ వచ్చింది. "సెప్టెంబరు షెడ్యూల్ రాగానే పంపిస్తాను." ఒకసారి ఎంపిక కాని కుర్రాళ్ళు మరుసటి ఏడాది డ్రాఫ్ట్‌కు మళ్ళీ రావచ్చు.

సెప్టెంబరు చివర్లో గ్వెల్ఫ్ వెళ్ళాను, గోల్ వెనక మూలన, పై వరసలో కూర్చున్నాను. వార్మప్‌లో వాడు రెండు వైపులా తిరిగాడు, రెండూ ఒకేలా ఉన్నాయి. మొదటి పీరియడ్‌లో ఎదుటి జట్టు పక్‌ను కుడి మూలకు విసిరి ఇద్దరు వెంటపడ్డారు. వాడు వెనక్కి తిరిగి ఒక చూపు చూశాడు, గోడ దగ్గరికి వెళ్తూ ఇంకో చూపు. రెండోవాడు దగ్గరికి వచ్చేలోపే పాస్ మధ్యలోకి వెళ్ళిపోయింది. షీటు పైన 'పన్నెండో మ్యాచ్' అని రాసి, చూపుల గడిలో 2 వేశాను.