టీ జల్లెడలో కృష్ణా ఇసుక

మా సత్యనారాయణపురం ఇంట్లో టీ జల్లెడ మాయమైందంటే మా ఆవిడ నేరుగా పైగదికి వస్తుంది. "ఏవండీ, మళ్లీ మీ రైళ్లకేనా?" అవును, కృష్ణా ఇసుక జల్లించడానికే. నా బొమ్మ పట్టాల మధ్య పోసే కంకర అదే.

మొదట్లో జల్లించి అలాగే పోసేశాను. వారం తిరక్కుండానే ఇంజన్ గరగరమంటూ ఆగిపోయింది. విప్పి చూస్తే మోటార్ అయస్కాంతానికి నల్లటి రవ్వలు. ఇసుకలో ఇనుప రజను ఉంటుందని అప్పుడు తెలిసింది. ఇప్పుడు పాత స్పీకర్ అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఇసుకలో మూడుసార్లు తిప్పుతాను. తర్వాత ఫెవికాల్, సగానికి సగం నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క. ఆ చుక్క లేకపోతే జిగురు లోపలికి ఇంకదు, పైనే గుండ్రంగా నిలబడుతుంది.

నాది హెచ్‌ఓ స్కేలు, అంటే అసలులో 87వ వంతు. ఆ లెక్కన మన బ్రాడ్‌గేజ్‌లో రెండు పట్టాల మధ్య ఉండే 1676 మిల్లీమీటర్ల దూరం 19 పైచిలుకు రావాలి. దొరికే పట్టా 16.5. అందుకే నా రైళ్లు కాస్త కాళ్లు దగ్గరపెట్టుకుని నిలబడ్డట్టుంటాయి. తెలిసినవాళ్లు పట్టేస్తారు, పట్టేయనీ.

బొగ్గు వ్యాగన్లు మాత్రం నాకు గర్వం. తుప్పు అంతటా ఒకేలా పట్టదు. తలుపు అంచుల దగ్గర ముదురుగా, పక్కల్లో చారలుగా కిందికి జారుతుంది. ఎర్ర, గోధుమ రంగు సుద్దముక్కలు అరగదీసి, ఆ పొడిని మెత్తటి బ్రష్‌తో పైనుంచి కిందికే లాగాలి. మొన్న అడ్డంగా లాగాను, వ్యాగన్ బురదలో దొర్లినట్టయింది. కడిగి కిటికీలో పెట్టాను. ఇంకా ఆరలేదు.