ముందు థర్మాకోల్ ముక్క మీద చూడండి

మా పెద్దమావయ్య ఎయిర్‌ఫోర్స్‌లో గ్రౌండ్ స్టాఫ్‌గా పనిచేసిన రోజుల్లో తన చేత్తో కట్టుకున్న నాట్ ఫైటర్ మోడల్ ఒకటి ఒడిశాలోని మా పర్లాకిమిడి ఇంట్లో ఉంది. 1/72 స్కేలు, అంటే అసలు విమానం పొడవులో 72వ వంతు, ముక్కు నుంచి తోకదాకా 12 సెంటీమీటర్లు, అరచేతిలో పడుతుంది. 1971 డిసెంబర్ 14న శ్రీనగర్ మీద జరిగిన పోరులో చనిపోయిన ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ నడిపింది నాట్ విమానమే, వాయుసేనకి దక్కిన ఒకే ఒక్క పరమవీర చక్ర ఆయనదే. మావయ్య ఆ మోడల్ ఎందుకు కట్టారో వేరే చెప్పక్కర్లేదు.

మొదట్లో అది వెండి రంగులో ఉండేది. సెలవులకి వచ్చిన పిల్లలు గేటుకి వేయగా మిగిలిన ఆకుపచ్చ ఎనామెల్ పూసేశారు. కొన్నేళ్లు పోయాక ఇంకెవరో బడికి కొన్న అక్రిలిక్ రంగు దాని మీద దట్టించారు. రివిట్లు, గీతలు అన్నీ మూసుకుపోయి అరిగిన సబ్బుబిళ్ళలా తయారైంది. దసరాకి మావయ్య వస్తున్నారు, ఆయన వచ్చేలోపు ఆ రంగులన్నీ వలిచి అసలు ప్లాస్టిక్ బయటికి తేవాలనుకున్నాను.

భయం మాత్రం చాలా ఉంది. ఎందుకంటే ఇంతకుముందు ఒక యుద్ధ ట్యాంక్ మోడల్‌ని ఇలాగే పోగొట్టుకున్నాను. ఒక హార్డ్‌వేర్ షాపులో థిన్నర్ ఇచ్చి ప్లాస్టిక్‌కి ఏమీ కాదన్నారు, నమ్మి గిన్నెలో ముంచి అన్నం తిని వచ్చేసరికి ట్యాంక్ అడుగుభాగం ముదురు పాకంలా సాగుతోంది. చాలా బాధపడ్డాను. తర్వాత కూర్చుని అసలు ఎందుకు అలా అయిందో తెలుసుకున్నాను.

మోడల్ కిట్లలో వచ్చే గట్టి ప్లాస్టిక్ చాలావరకు పాలీస్టైరీన్. థిన్నర్‌లో ఉండే టోల్యూన్, గోళ్ల రంగు తీసే ద్రవంలో ఉండే అసిటోన్, పెట్రోల్, ఇవన్నీ దాన్ని కరిగిస్తాయి. మోడల్స్ అతికించే ప్లాస్టిక్ సిమెంట్ పనిచేసేది కూడా ఇలాగే, రెండు అంచుల్నీ కాస్త కరిగించి ఒకటిగా కలిపేస్తుంది. ఆల్కహాల్ అలా కాదు, పాలీస్టైరీన్ దానికి కరగదు, కానీ అక్రిలిక్ రంగు మాత్రం మెత్తబడుతుంది. మనకి కావాల్సింది సరిగ్గా అదే.

మన ఇళ్లలో దొరికే థర్మాకోల్ కూడా పాలీస్టైరీనే, గాలి నింపి ఉబ్బించినది, అంతే. కాబట్టి సీసా మీద ఏం రాసి ఉన్నా, షాపులో ఏం చెప్పినా, ముందు పాత పార్సిల్ పెట్టెలోంచి చిన్న థర్మాకోల్ ముక్క తీసి దాని మీద నాలుగు చుక్కలు వేయండి. గుంట పడిందంటే ఆ సీసా మీ మోడల్ దగ్గరికి రాకూడదు. ఏమీ కాకపోతే కిట్‌లో ముక్కలు తగిలించి వచ్చే చట్రం ఉంటుంది కదా, స్ప్రూ అంటారు, దాని ముక్కని ఒక రాత్రి నానబెట్టి చూడండి. స్ప్రూ లేకపోతే మోడల్‌లో బయటికి కనపడని చోట తడిపి చూడాలి. రెజిన్ బొమ్మలకి, మెత్తటి రబ్బరులాంటి బొమ్మలకి ఈ థర్మాకోల్ పరీక్ష పనికిరాదు, అవి వేరే జాతి. రెజిన్ అయితే ఆల్కహాల్‌లో ఎక్కువసేపు నానితే మెత్తబడుతుంది కూడా.

నేను వాడింది ఐసోప్రొపైల్ ఆల్కహాల్. మా వీధి మెడికల్ షాపులో ఒడియాలో అడిగితే ఆయన తెలుగులో "ఎంత శాతంది కావాలండీ?" అన్నారు. 70 శాతంది కూడా పనిచేస్తుంది, కాకపోతే నిదానంగా. ఎక్కువ శాతంది దొరికితే సమయం తగ్గుతుంది. జెల్ శానిటైజర్ మాత్రం వద్దు, ఆ జిగట గీతల్లో ఇరుక్కుంటుంది.

ముందు అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసుకున్నాను. రంగుతోపాటు స్టిక్కర్లూ పోతాయి, రౌండెల్, అంటే వాయుసేన గుండ్రటి గుర్తు, ఎక్కడుందో తర్వాత గుర్తుండదు. పైలట్ కూర్చునే చోటి అద్దం మావయ్య తెల్ల గమ్‌తో అతికించారట, దాని చుట్టూ తడి దూది పెట్టి ఉంచితే గమ్ నాని అద్దం మెల్లగా ఊడి వచ్చింది. దాన్ని మాత్రం ఆల్కహాల్‌లో వేయలేదు, పారదర్శకంగా ఉండే ముక్కలకి సన్నటి పగుళ్లు రావచ్చు. తర్వాత మోడల్‌ని గాజుసీసాలో పెట్టి, మునిగేదాకా పోసి, మూత బిగించాను. మూడు గంటలకే అక్రిలిక్ ముడతలు పడి లేచింది. మెత్తటి టూత్‌బ్రష్‌తో గుండ్రంగా రుద్దితే తొక్కలా ఊడింది. ఎప్పుడో ఇన్‌స్టెంట్ గ్లూతో అతికించిన ముక్కు చక్రం కూడా ఊడిపోయింది, మావయ్య ప్లాస్టిక్ సిమెంట్‌తో అతికించిన రెక్కలు మాత్రం కదల్లేదు.

గేటు ఎనామెల్ దగ్గర ఆగిపోయాను. మర్నాటికి కూడా అంచుల్లో కాస్త పొరలు లేచాయి తప్ప మిగతాది అలాగే ఉంది. బ్లేడుతో గీరదామని చెయ్యి లాగింది కానీ గీరలేదు. మా ఊళ్లో కొమ్ముతో కొంగలు, బొమ్మలు చేసే పనివాళ్లని చిన్నప్పటినుంచీ చూస్తున్నాను, ఒక్క లోతైన గీత పడితే దాన్ని పోగొట్టడానికి చుట్టూ ఎంత అరగదీస్తారో తెలుసు. 12 సెంటీమీటర్ల మోడల్‌లో అరగదీయడానికి ఏముంటుంది?

ఎనామెల్‌కి డెట్టాల్ వాడాను, ఒళ్లు కడుక్కునే సబ్బు కాదు, గోధుమరంగు ద్రవం. నీళ్లు కలపకుండా పోసి ఒక రోజు ఉంచాను. ఆకుపచ్చ, దాని కింద వెండి, రెండూ మెత్తబడ్డాయి. ఇక్కడ ఒక్క జాగ్రత్త ఉంది, తీయగానే నీళ్ల కింద పెట్టకూడదు. నీళ్లు తగిలితే మెత్తబడిన రంగు జిగురుముద్దలా మారి రివిట్ల మధ్య పట్టుకుంటుంది. డెట్టాల్‌లోనే బ్రష్ ముంచి రుద్ది, ఇంకో గిన్నెలో కొత్త డెట్టాల్‌తో కడిగి, రంగంతా పోయాక చివర్లో గిన్నెలు తోమే సబ్బు, నీళ్లు. బ్రేక్ ఫ్లూయిడ్ వాడేవాళ్లూ ఉన్నారు, ఎనామెల్‌ని బాగానే తీస్తుంది, కానీ అది విషం. పిల్లలు తిరిగే ఇంట్లోకి నేను తేను.

ఇప్పుడు మనుషుల సంగతి, మోడల్ కన్నా ఇదే ముఖ్యం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దాదాపు 12 డిగ్రీల దగ్గరే అంటుకోగల ఆవిరి వదులుతుంది, అంటే మన వాతావరణంలో ఏడాది పొడుగునా. ఆ ఆవిరి గాలికన్నా బరువు, నేలబారుగా పాకుతుంది. గాలివానకి కరెంటు పోతే అమ్మ వెంటనే దీపం వెలిగిస్తుంది, అందుకే ఈ పని పగటిపూట, వరండాలో, దేవుడి గదికీ వంటింటికీ దూరంగా చేశాను. వేడి చేస్తే త్వరగా అవుతుందని పొయ్యి దగ్గరికి అసలు తీసుకెళ్లొద్దు. బాత్రూమ్‌లో బ్లీచింగ్ పౌడర్ చల్లి ఉంటే అక్కడ ఆల్కహాల్ పారబోయకండి, రెండూ కలిస్తే ప్రమాదకరమైన వాయువులు పుడతాయి. చేతులకి నైట్రైల్ గ్లవుజులు వేసుకోవాలి, మాకు పాతపట్నంలో దొరికాయి. బ్రష్ చిందుతుంది కాబట్టి కళ్లద్దాలు కూడా. పిల్లి ఉన్న ఇళ్లలో డెట్టాల్ గిన్నెకి మూత ఉండాల్సిందే, అందులోని క్లోరోక్సైలినాల్ పిల్లులకి విషం.

వాడిన ఆల్కహాల్‌ని రెండు రోజులు కదపకుండా ఉంచితే రంగు అడుక్కి చేరుతుంది. పైన తేరినది ఇంకో సీసాలోకి వంపుకుని మళ్లీ వాడొచ్చు. అడుగు మడ్డిని పాత పేపర్ల మీద పోసి, ఎవరూ రాని చోట ఆరుబయట ఎండబెట్టి, చుట్టి చెత్తలో వేశాను. కాలువలో పోస్తే చివరికి ఏ చెరువులోకో మహేంద్రతనయ నదిలోకో పోతుంది.

నీడలో ఆరబెట్టి ఫొటో మావయ్యకి పంపాను. లేత బూడిదరంగు ప్లాస్టిక్, ప్రతి రివిట్టూ కనిపిస్తోంది. రెండు నిమిషాల్లో ఫోన్ చేశారు.

"ముక్కు చక్రం ఏదిరా?"

"సీసా మూతలో భద్రంగా ఉంది మావయ్యా, మీరొచ్చాక అతికిద్దాం."