యు అక్షరం

గిటార్ మీది ఎఫ్ ఆకారపు రంధ్రంలోంచి టార్చ్ వేసి చూస్తే, లోపలి చెక్క మీద వెలిసిపోయిన ముద్ర. మొదటి అక్షరం ‘యు’. రెండు నిమిషాలు అలాగే చూస్తూ ఉండిపోయాను.

ఫ్రెండ్ వాళ్ల తాతగారి గిబ్సన్ ఈఎస్-175 ఇది. 1959 నాటిదని ఇంట్లో అందరి నమ్మకం. కానీ 1952 నుంచి 1961 దాకా గిబ్సన్ కంపెనీ ఇలా లోపల వేసిన ఫ్యాక్టరీ ఆర్డర్ నంబర్లలో అక్షరాలు వెనక్కి నడుస్తాయి. 1952కి జెడ్, 1961కి క్యూ. యు అంటే 1957.

పాట్ (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే భాగం) వెనక 134718 అని ఉంది. 134 తయారీదారు కోడ్, 7 సంవత్సరం చివరి అంకె, 18 వారం. అంకె ఒక్కటే కాబట్టి దశాబ్దం తెలీదు, పైగా పాట్ తేదీ గిటార్ తేదీ కాదు. అందుకే నేను ముద్రనే ఎక్కువ నమ్ముతాను. ఇక్కడ రెండూ కలిశాయి.

పికప్‌లు, అంటే తీగల కంపనాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగాలు, ఇంకా పాత రకం పి-90లే. ఈ మోడల్‌కి హంబకర్లు అనే కొత్త రకం పికప్‌లు వచ్చింది సరిగ్గా ఆ ఏడాదే. అంటే మార్పుకి కాస్త ముందు తయారైందన్నమాట! వైర్లని అతికించిన సోల్డర్ కూడా ఎవరూ ముట్టుకున్నట్టు లేదు.

ఫ్రెండ్‌కి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "తాతయ్య పెళ్లైన ఏడాది అది" అన్నాడు.