మన బరంపురం ఎఫ్ఎంలో ఓ గంట తెలుగు

ఒడిశాలోని మన బరంపురంలో, మా వీధి టైలరు కొట్టులో ఎఫ్ఎం రోజంతా మోగుతూనే ఉంటుంది. ఎప్పుడైనా తెలుగు పాట వస్తే మామయ్య మిషన్ తొక్కడం ఆపి సౌండు పెంచుతారు.

2001లో బెంగళూరులో తొలి ప్రైవేట్ ఎఫ్ఎం మొదలైంది. అప్పట్లో లైసెన్సు ఫీజు ఏటా 15 శాతం పెరిగేది. ఆ భారానికి స్టేషన్లు చాలావరకు హిట్ సినిమా పాటలనే పట్టుకున్నాయి, ప్రయోగాలకు ఎవరికి ధైర్యం? 2005లో ఫీజును ఆదాయంలో 4 శాతానికి మార్చాక చిన్న నగరాలకూ ప్రైవేట్ ఎఫ్ఎం వచ్చింది. ఫార్మాట్ మాత్రం అదే. సొంత వార్తలకు అనుమతి లేదు, ఆకాశవాణివే ఉన్నదున్నట్టు వేయాలి.

విశాఖ ఎఫ్ఎం ఇంత దూరం అందదు. అందుకే బరంపురం ఎఫ్ఎం వాళ్లూ, ఇక్కడే పొద్దున ఓ గంట తెలుగు కార్యక్రమం పెట్టండి. యాడ్స్ ఇవ్వడానికి మన బట్టల కొట్లు బోలెడు ఉన్నాయి.